ముగ్గురు కృష్ణులు, ఇద్దరు చింతామణులు

మా టెక్కలి వైపు సంబరాల సీజన్లో పద్యనాటకానికి వెళ్లేవాళ్లు రెండు రకాలు. పద్యం వినడానికి వెళ్లేవాళ్లు కొందరు. పద్యం పాడినవాడికీ పక్కవాడికీ ఎందుకు పడదో తెలుసుకోడానికి వెళ్లేవాళ్లు కొందరు. మొదటి రకం వాళ్లు పడకసీను అయ్యేసరికే గోనెపట్టా మీద గుర్రు పెడతారు. రెండో రకం వాళ్లకి తెల్లారేదాకా కునుకు పట్టదు. ఖబర్లు రాసుకుని బతికేవాణ్ని, అబద్ధమెందుకు? నాది రెండో రకమే.

ఈ ఖబర్ అన్న మాట ఉంది చూశారూ, దాని ప్రయాణమే ఒక పెద్ద తమాషా. అరబ్బీలో ఖబర్ అంటే వార్త. దానికి బహువచనం అఖ్బార్. ఉర్దూలో అఖ్బార్ అంటే పత్రిక. అదే ఖబర్ తెలుగింటికొచ్చి కబురు అయింది. ఒంటరిగా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంది. కబురంపారు, కబురు తెలిసింది, చల్లని కబురు చెప్పావు అంటాం. బహువచనం చేసేసరికి దాని కాళ్లు నేల మీద ఆగలేదు. కబుర్లు! అరబ్బీవాళ్లు ఆ మాటని బహువచనం చేస్తే పత్రిక పుట్టింది. మనం చేస్తే వీధరుగు పుట్టింది. బళ్లో ఉర్దూ మీడియం, కాలేజీలో తెలుగు చదివిన నేను ఆ పత్రికకీ ఈ అరుగుకీ మధ్య సందులో ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నాను.

నాటకం కబుర్లంటే ఎలా ఉంటాయో బయటివాళ్లకి చెప్పాలి. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడుతున్నారనుకోండి. పోస్టరు మీద ముగ్గురు కృష్ణులుంటారు. ఒకటో కృష్ణుడు పడకసీనుకి, రెండో కృష్ణుడు రాయబారానికి, మూడో కృష్ణుడు యుద్ధానికి. తెలియనివాళ్లకి ఇదేం మాయ అనిపిస్తుంది. ఇది మాయ కాదు, కాంట్రాక్టు. కాంట్రాక్టరు తలో ఊరి నుంచి తలో నటుడికి బయానా ఇచ్చి పిలిపిస్తాడు. (బయానా కూడా మా మాటే, తెలుగువాళ్లు తీసుకుని తిరిగివ్వలేదు.) పేరున్న గొంతులు మూడుంటే ముగ్గురి అభిమానులూ వస్తారు. ముగ్గురికీ ఒకే కిరీటం, ఒకే నెమలిపింఛం. రిహార్సలుండదు. తెరలో కలుసుకుంటారు, నమస్కారాలు పెట్టుకుంటారు, స్టేజీ ఎక్కి ఒకడి పద్యాన్ని మించి ఒకడు రాగం తీస్తారు.

మర్నాడు టీకొట్టు దగ్గర మొదలవుతుంది అసలు నాటకం. రెండో కృష్ణుడు పాడుతుంటే హార్మోనిస్టు కావాలని శృతి ఒక మెట్టు పైకెత్తాడట. ఒకటో కృష్ణుడి దగ్గర డబ్బు తిన్నాడట. మూడో కృష్ణుడు కిరీటం ఇవ్వనని మేకప్ గదిలో పట్టుక్కూర్చున్నాడట. దుర్యోధనుడికి పైటవూళ్లో చదివింపులు ఎక్కువొచ్చాయని ఒకటో కృష్ణుడు పక్క మీంచి లేవలేదట, నిద్ర నటన కాదట, అలకట. ప్రతి వాక్యానికీ చివర ఆ 'ట' ఒకటి. కోర్టులో సాక్ష్యానికి పనికిరాదు గానీ, టీకి బిస్కెట్టులా అది లేకపోతే దిగదు.

చదివింపుల సంగతి వేరే చెప్పాలి. పద్యం బాగుంటే జనంలోంచి ఎవరో నోటు పంపిస్తారు. మైకులో పేరు చదువుతారు: ఫలానా గారు ఫలానా పద్యానికి నూటపదహార్లు చదివించారని. వెంటనే ఊళ్లో రెండో పార్టీ పెద్దమనిషి లేచి రెండువందల పదహార్లంటాడు. ఇంకాసేపటికి పాండవులూ కౌరవులూ స్టేజీ దిగిపోయి ఊళ్లో కూర్చుంటారు. రాయబారం అక్కడ కావాలి నిజానికి. మైకులో చదివించిన మొత్తమంతా తెల్లారేసరికి చేతికందుతుందా అంటే, అది హార్మోనిస్టుని అడగాలి. ఆయన లెక్కలు శృతి కంటే గట్టిగా పెట్టుకుంటాడు.

ఆ నాటకం రాసినవాళ్లు కూడా తక్కువవాళ్లేం కాదు. సంధి కోసం కృష్ణుడు హస్తినకెళ్తే అన్నన్ని పద్యాలు రాసిన తిరుపతి వెంకట కవులు, కొప్పరపు కవులతో పెట్టుకున్న తగాదాకి సంధి చేసే కృష్ణుడు ఎవరూ దొరకలేదు. ఆ రోజుల్లో అవధాన సభలు ఒక పక్క, అభిమానుల వాగ్యుద్ధాలు ఇంకో పక్క. కవులన్నాక రఖాబత్ తప్పదు. ఉర్దూలో రఖీబ్ అంటే ప్రేమలో ప్రత్యర్థి. గజల్లో మాషూఖ్ ఎంత ముఖ్యమో రఖీబూ అంత ముఖ్యం. వాడు లేకపోతే సగం షేర్లు పుట్టవు.

లక్నోలో ఇన్షా, ముస్హఫీ అని ఇద్దరు పెద్ద షాయర్లుండేవారు. వాళ్ల మధ్య మొదట గజల్ మీద గజల్, తర్వాత తిట్టు మీద తిట్టు. చివరికి ముస్హఫీనీ ఆయన బీబీనీ బొమ్మలు చేయించి, రెంటినీ కొట్టుకుంటున్నట్టు ఆడిస్తూ బజార్లో జులూస్ తీశారట. ఆ 'ట' నాది కాదు. 1880లో ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 'ఆబ్-ఎ-హయాత్' అనే షాయర్ల చరిత్ర రాసి ఈ ముచ్చట్లన్నీ అందులో పెట్టాడు. తర్వాతి పండితులు ఆజాద్ సాబ్ చాలాచోట్ల మసాలా ఎక్కువేశాడని తేల్చారు. అయినా ముస్హఫీ దీవాన్లు తెరవనివాడికి కూడా ఆ బొమ్మల జులూస్ తెలుసు. ఖబర్ పోయి కబుర్లు మిగలడమంటే ఇదే.

లండన్ నగరం కూడా మా టెక్కలి కంటే పెద్ద తహజీబ్ ఉన్న ఊరేం కాదు. 1727 జూన్ 6న అక్కడి కింగ్స్ థియేటర్లో బొనోంచీని రాసిన 'ఆస్త్యానాత్తె' అనే సంగీత నాటకం జరుగుతోంది. ఇద్దరు ఇటలీ గాయనులు, ఫాస్టీనా బొర్దోనీ, ఫ్రాంచెస్కా కుజ్జోనీ, ఒకే స్టేజీ మీద. ఎదురుగా యువరాణి కరోలిన్ కూర్చునుంది. ఒకామె అభిమానులు ఈలలేశారు, ఇంకొకామె అభిమానులు కేకలేశారు, నాటకం ఆగిపోయింది. తర్వాత వారాల తరబడి అచ్చుపత్రాలు వచ్చాయి. వాటిలో ఆ ఇద్దరు ఆడవాళ్లూ స్టేజీ మీదే జుట్లు పట్టుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 1728లో, జాన్ గే తన 'బెగ్గర్స్ ఒపేరా'లో ఇద్దరాడాళ్ల తగువు పెట్టి ఊరంతటినీ నవ్వించాడు. ఇప్పుడు చరిత్రకారులు నెమ్మదిగా కాగితాలు తిరగేసి చెప్తున్నదేమిటంటే, కొట్లాట జరిగింది కింద, జనంలో. పైన ఆ ఇద్దరు జుట్లు పట్టుకున్నారనడానికి ఆధారం లేదని. మూడొందల ఏళ్లు పట్టింది ఆ జుట్లు వదిలించడానికి.

గమనించారా? కృష్ణులు పోట్లాడుకుంటే అది విద్వత్తు. షాయర్లు పోట్లాడుకుంటే అది అదబ్ చరిత్ర. గాయనులు ఒకే స్టేజీ ఎక్కితే చాలు, అది జుట్టు.

మన స్టేజీకే వద్దాం. స్థానం నరసింహారావు గారు చీర కట్టి సత్యభామగా వస్తే జనం ఊగిపోయారు. ఆయనకి 1956లో పద్మశ్రీ వచ్చింది, రావాల్సిందే, అంత గొప్ప నటుడు. కానీ స్త్రీ వేషం వేసిన మగాడికి పద్మశ్రీ వస్తే, ఆ వేషానికి అసలు హక్కుదారు అయిన స్త్రీ స్టేజీ ఎక్కితే వచ్చింది చెడ్డపేరు. బళ్లారి రాఘవ లాంటివాళ్లు ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వెయ్యాలని గొంతు చించుకున్నారు. సురభి వాళ్లు 1885 నుంచీ కుటుంబాలు కుటుంబాలుగా ఆడుతూ ఆడవాళ్లని స్టేజీ ఎక్కించారు. ఊరు మాత్రం చాలాకాలం తన కబుర్లు తాను చెప్పుకుంటూనే ఉంది.

ఆ కబుర్లకి కూడా మా భాషే మాటలిచ్చింది, సిగ్గుగానే చెప్పుకోవాలి. భోగంవాళ్ల ఆటని తెలుగులో మేజువాణి అంటారు కదా. అది మేజ్‌బానీ. అంటే ఆతిథ్యం, వచ్చినవాళ్లని ఆదరించడం. ఎంత షరీఫ్ మాట! దస్తర్‌ఖాన్ పరిచి మెహమాన్లకి అన్నం పెట్టే మాట. జమీందార్ల హవేళ్లలోకి వెళ్లి పెళ్లిపందిట్లో ఆటైపోయింది. ఆతిథ్యమిచ్చే దొర షరీఫ్‌గానే మిగిలాడు. ఆడిన మనిషి బద్నామ్ అయింది.

విజయనగరంలో గురజాడ దీన్ని ఎవరికన్నా బాగా పట్టుకున్నాడనిపిస్తుంది నాకు. 'కన్యాశుల్కం' 1892లో స్టేజీ ఎక్కింది, 1897లో అచ్చయింది. మొదటి కూర్పు పీఠికలో ఒక లెక్క ఉంది. మహారాజా వారు మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల పట్టిక రాయించారు, అది పూర్తి లెక్క కాకపోయినా 1,034 తేలాయి అని. చూడండి, అదీ ఖబర్. వెయ్యిన్ని ముప్పై నాలుగు మంది పిల్లలు. ఆ లెక్క ఎవరూ అరుగు మీద చెప్పుకోలేదు. అరుగు మీద చెప్పుకున్నది మధురవాణి గురించి. నాటకంలో ప్రతి మగాడూ ఆమె గురించి మాట్లాడతాడు. గిరీశం మాట్లాడతాడు, రామప్పంతులు మాట్లాడతాడు. కానీ వాళ్లందరి అసలు గుట్టు తెలిసినది ఆమె ఒక్కతే. ఆమె దాన్ని కబుర్లు చేసి పంచలేదు, వేళ చూసి సౌజన్యారావు పంతులు ముందు ఖబర్‌గా పెట్టింది.

ఇంకో రెండేళ్లకి, 1899లో, లక్నోలో మిర్జా హాదీ 'ఉమ్రావ్ జాన్ అదా' రాశాడు. ఆయన తఖల్లుస్ రుస్వా. రుస్వా అంటే అల్లరిపాలైనవాడు, పేరు పోయినవాడు అని. తవాయఫ్ కథ చెప్పబోతూ ఆ పోయిన పేరుని తన నెత్తినే పెట్టుకున్నట్టు ఉంటుంది నాకు. మధురవాణీ ఉమ్రావ్ జానూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఇద్దరికీ తెలుగూ ఉర్దూ కలిసొచ్చిన నాలాంటివాడి బుర్రలోనే ములాఖాత్.

ఇక మా మండలం సంగతి. కొన్నేళ్ల కింద ఒక ఊరి సంబరంలో చింతామణి నాటకం పెట్టారు. పోస్టరు మీద ఇద్దరు చింతామణులు. మొదటి సగానికి ఒకామె, రెండో సగానికి ఇంకొకామె. పది రోజుల ముందు నుంచే ఆ ఇద్దరికీ పడదన్న మాట నౌపడా నుంచి పలాసా దాకా పాకింది. ఒకామె సవరం ఇంకొకామె కత్తిరించిందట. పెద్దామెకి వచ్చిన బంగారు గొలుసు చిన్నామె మింగేసిందట. ఒకే బస్సులో రారట. ఆ రాత్రి జనం ఎంతమంది వచ్చారంటే జీడితోట గట్ల మీద కూడా చోటు లేదు. నేను పని చేస్తున్న పత్రిక డెస్కు నుంచి ఫోను: చింతామణుల సిగపట్లు అని ఒక బాక్సు ఐటం పంపించు, ఫోటో తప్పనిసరి.

మేకప్ గది అంటే ఊరి బడిలో ఒక క్లాసురూము. ఎక్కాల చార్టు కింద అద్దం ఆనించి చిన్నామె కూర్చుంది, పెద్దామె ఆమెకి సవరం పిన్నులు పెడుతోంది. పక్కన ఒకే స్టీలు డబ్బా, అందులో ఇద్దరికీ ఒకే పులిహోర. గొడవల గురించి అడిగాను. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు.

"కొట్టుకుంటన్నామనే కదేటి బావూ ఇంతమంది జనమొచ్చినారు? కాంట్రాక్టరు గారే ఏయించినారు ఆ మాట" అంది చిన్నామె.

పెద్దామె నవ్వు ముందుగా ఆగింది. పిన్ను పళ్ల మధ్య పెట్టుకుని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "ఆ కబురు మాకు కూడెడతాది, అన్నీ. రెండో రకం కబుర్లుంటాయి సూడు, అయ్యి మా కూడు లాగేస్తాయి. మా గుంటకి సమ్మందం వొచ్చింది. నర్సు ట్రైనింగు అయ్యింది పిల్లది. ఆలొచ్చి సూసినారు, నచ్చింది. ఆనక మా ఊళ్లో ఎవులో 'దీని తల్లి చింతామణి' అన్నారంట. మరి రానేదు. నాను స్టేజీ మీద చింతామణిని బావూ. దిగినాక కూడా నన్నిడిసిపెట్టరేటి?"

అబ్బాయివాళ్లు ఎవరని అడగలేదు. బయట హార్మోనియం శృతి సరిచూసుకుంటోంది. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆమె పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ పడింది. ముషాయిరాలో ముకర్రర్ అంటామే, అదే. మళ్లీ చెప్పు, మళ్లీ పాడు. సిగపట్ల ఐటం నేను పంపలేదు. మైకులో చదివించిన డబ్బులో ఆర్టిస్టులకి చేరనిది ఎంతో లెక్క రాసి పంపాను. మూడు పేరాలు ఒక పేరా అయి, లోపలి పేజీలో, విత్తనాల ప్రకటన పక్కన వచ్చింది.

మా దీన్‌లో దీనికి గట్టి మాట ఒకటుంది: గీబత్. మనిషి లేనప్పుడు అతనికి నొప్పి కలిగే మాట చెప్పుకోవడం. ఖురాన్ దాన్ని చచ్చిపోయిన సొంత సోదరుడి మాంసం తినడంతో పోల్చింది. చెప్పేది నిజమే అయితే? అని అడిగారట రసూల్‌ని. నిజమైతేనే గీబత్, అబద్ధమైతే అది బుహ్తాన్, ఇంకా పెద్ద పాపం అన్నారు. ఇక ఆడమనిషి శీలం మీద మాటంటే నలుగురు సాక్షులు కావాలి. తేలేకపోతే శిక్ష ఆమెకి కాదు, మాటన్నవాడికి ఎనభై కొరడా దెబ్బలు. జుమ్మాకి వెళ్లొచ్చి అదే నోటితో పక్కింటి కోడలి గురించి చెప్పుకునే మావాళ్లూ ఉన్నారు, తౌబా. పాపం మాటకొస్తే ఏ మజహబూ వెనకబడలేదు.

మరి ఎవరి మీదా నవ్వకూడదా? అలాగైతే గురజాడ కూడా గీబత్ చేసినట్టే. అక్కడే నాకు చింతామణి నాటకం మీద జరిగిన రాద్ధాంతం గుర్తుకొస్తుంది. కాళ్లకూరి నారాయణరావు గారు వందేళ్ల కింద ఆ నాటకం రాశారు. కట్నాల మీద 'వరవిక్రయం' రాసిన మనిషే. భోగలాలసలో పడి ఇల్లు గుల్ల చేసుకునే మగాళ్ల మీద రాశారు. అందులో బిల్వమంగళుడున్నాడు, భవానీశంకరం ఉన్నాడు, సుబ్బిశెట్టి ఉన్నాడు. కాలక్రమంలో స్టేజీ మీద నాటకం కుంచించుకుపోయి సుబ్బిశెట్టి సీన్లు ఉబ్బిపోయాయి. కాళ్లకూరి వారు రాయని బూతు, రాయని వెక్కిరింత చేరాయి. ఆర్యవైశ్యులు నొచ్చుకున్నారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది.

వాళ్ల నొప్పి నాకు అర్థం కాకపోలేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, పగటివేషంలో గానీ నాటకం మధ్య పిట్టకథలో గానీ సాయిబు రాగానే "నీకీ నాకీ" అని తెలుగుని విరగ్గొడతాడు, జనం గొల్లుమంటారు. తెలుగులో డిగ్రీ పుచ్చుకున్న సాయిబుకి ఆ నవ్వు మధ్యలో కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వాడేం తప్పు చేశాడని నవ్వుతున్నారు? వాడు సాయిబు, అంతే. సుబ్బిశెట్టి డబ్బు తగలేసినందుకు నవ్వితే అది వ్యంగ్యం. వాడి కులానికీ వాడి ఒంటికీ నవ్వితే అది వ్యంగ్యం కాదు, అల్లరి. చేసిన పనిని చూసి నవ్వడం వేరు, పుట్టుకని చూసి నవ్వడం వేరు.

కానీ ఆ నిషేధం రోజుల్లో టీవీల్లో చర్చలు చూస్తూ నాకు ఒకటే అనిపించింది. సుబ్బిశెట్టి ఇజ్జత్ గురించి అందరూ మాట్లాడారు. కవి హక్కు గురించి మాట్లాడారు. ఆ నాటకం ఆడి బియ్యం కొనుక్కునే ఆడమనిషి గురించి, ఆ పాత్ర పేరుతో ఆమెనీ ఆమె కూతుర్నీ పిలిచిన ఊరి గురించి ఎవరూ ఎత్తలేదు. ఆమె ఇజ్జత్ మీద వందేళ్లుగా నడుస్తున్న నాటకానికి ఏ సర్కారు నిషేధం పెడుతుంది? దానికి జీవో ఉండదు. దానికి తెర పడదు, వన్స్‌మోర్లే.

మా టెక్కలి జనాన్ని తక్కువ చేసి మాట్లాడుతున్నాననుకోకండి. వ్యంగ్యం అంటే ఏమిటో వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. 1994లో సినిమా కృష్ణుడు ఎన్.టి. రామారావు హిందూపురంతో పాటు మా టెక్కలిలో కూడా నిలబడి గెలిచి, హిందూపురం ఉంచుకుని టెక్కలి వదిలేశాడు. ఊళ్లో ఒక పెద్దాయన టీ తాగుతూ తేల్చేశాడు: "రాయబారానికొచ్చిన కృష్ణుడు హస్తినలో ఉండిపోతాడేట్రా? పద్యాలు పాడేసి ద్వారకెళ్లిపోడూ!" చూడండి, ముఖ్యమంత్రిని అన్నాడు, ఆయన చేసిన పనిని అన్నాడు, ఎవరి కూతురి సంబంధమూ చెడలేదు. అందరూ నవ్వారు, టీ ఇంకో రౌండు తెప్పించుకున్నారు. అదీ అసలు మజాక్.

రాబోయే సంబరాలకి పోస్టర్లు పడ్డాయి. మళ్లీ ముగ్గురు కృష్ణులే. వస్తే రండి, గోనెపట్టా నేను తెస్తాను. కబుర్లు కూడా కావలసినన్ని చెప్తాను. కిరీటం దగ్గర అలిగినవాళ్లవి, శృతి ఎత్తేసిన హార్మోనిస్టులవి, బయానా ఎగ్గొట్టిన కాంట్రాక్టర్లవి. అన్నిటికన్నా ముందు, మైకులో వెయ్యినూటపదహార్లు చదివించి పొద్దున్నే తలుపు తియ్యని పెద్దమనుషులవి. ఆ జాబితా హార్మోనిస్టు దగ్గర ఉంది. పేర్లతో సహా.